కీళచ్చేరి జ్ఞానమ్మ - కతోలిక బాలికాపాఠశాలల విద్యాపద్ధతి

ఆంధ్రదేశమునందలి స్త్రీవిద్యాచరిత్రమును వ్రాయువారు సాధారణముగా 1874వ సంవత్సరమున ధవళేశ్వరమునఁ గందుకూరి వీరేశలింగము పంతులుగారు నెలకొల్పిన బాలికాపాఠశాలతో నారంభింతురు. పంతులవారి కృషి యెంతటిదో యెల్లరు నెఱుఁగుదురు. దానిని దగ్గించి చెప్పవలసిన పనిలేదు. కాని యంతకుఁ బదునొకండేండ్లు ముందుగా, 1863వ సంవత్సరమున, చెన్నపురికిఁ బడమటనున్న కీళచ్చేరి యను గ్రామమున నొక తెలుఁగు వితంతువు బాలికలకై బడి తెఱచెను. ఆమె పేరు జ్ఞానమ్మ. జన్మస్థానము గుంటూరు మండలములోని ఫిరంగిపురము. ఆమె పత్రిక నడపినది గాదు, గ్రంథములు ప్రకటించినది గాదు, సభలలో నుపన్యసించినది గాదు. కాఁబట్టి సాహిత్యచరిత్రములలో నామె పేరు గానరాదు. విద్యాచరిత్రములలోఁ గూడఁ గానరాకుండుట మాత్రము వింతయే.

కతోలికుల బాలికాపాఠశాలలను గూర్చి తెలుఁగున విమర్శదృష్టితో వ్రాయఁబడినది మిక్కిలి తక్కువ. ఆ మఠముల లేఖలును దినచర్యలును ఫ్రెంచి, ఇటాలియను, డచ్చి భాషలలో నుండుట యొక కారణము. రెండవది యింకను బలమైనది. ప్రొటెస్టంటు మతబోధకులు ముద్రాయంత్రములు పెట్టి తమ పనిని దామే ప్రకటించుకొనిరి. కన్యాస్త్రీలకు మౌనము వ్రతములో నొక భాగము. అందుచేత వారి బడులను మెచ్చువారు క్రమశిక్షణమును, చక్కని దస్తూరిని మెచ్చుటతోఁ దృప్తిపడిరి. నిందించువారు మతాంతరీకరణమును నిందించుటతోఁ దృప్తిపడిరి. ఈ రెండు త్రోవలను విడిచి యిచ్చట నొక్క ప్రశ్న విచారింపఁబడుచున్నది. ఆ బడులలోఁ బాఠము చెప్పిన దెవరు? అట్లు చెప్పుటకుఁ దగిన స్వాతంత్ర్య మామె కెట్లు లభించెను?

ఈ ప్రశ్న యేల ముఖ్యమో తెలియుటకుఁ గొంత వెనుకకుఁ బోవలెను. 1822లో సర్ తామస్ మన్రో గవర్నరు తన రాజధానిలోని దేశీయ విద్యాస్థితిని గూర్చి కలెక్టర్లవలన విన్నపములు తెప్పించెను. వానిలో 1823లో బళ్లారి కలెక్టరు కాంబెలు పంపిన నివేదిక ప్రసిద్ధమైనది. అందు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును లెక్కింపఁబడిరి. ఆ విద్యార్థులలో బాలిక లఱువదిమంది. అనఁగా నూటికి నొక్కతె కూడ నిండుగా లేదు. ఆ స్వల్పసంఖ్యకును దేవాలయ నర్తకుల పిల్లలే ముఖ్యముగాఁ గారణమని 1826లో మన్రో వ్రాసిన తీర్మానమువలనఁ దెలియుచున్నది. కులస్త్రీ చదువరాదను నమ్మకమునకు మూల మీ విషయముననే యున్నది: అక్షరము నేర్చిన స్త్రీ నర్తకియే యని లోకము కన్నులారఁ జూచుచుండెను. ఇండ్లలోఁ దండ్రివద్దనో యన్నవద్దనో రహస్యముగాఁ జదివినవారు లేకపోలేదు. వారు లెక్కలోనికి రారు.

వీధిబడి పంతులు పురుషుఁడు. బాలిక కెనిమిదవయేఁటనో తొమ్మిదవయేఁటనో వివాహము. ఒకవేళ తల్లిదండ్రు లొడఁబడి పంపినను, గుణింతము ముగియునప్పటి కత్తవారింటికిఁ బోవలసిన గడియ వచ్చుచుండెను. ఆ పిమ్మట బడి నడుపవలసినది స్త్రీయే యైనచో, చదివిన స్త్రీ యెచ్చటనుండి వచ్చును? వచ్చినను, వంట, బిడ్డలు, అత్తమామల సేవ విడిచి దినమునకు నాలుగైదు గంటలు పరుల పిల్లలకడఁ గూర్చుండఁగల యిల్లాలెవ్వతె? 1866లో హిందూదేశమునకు వచ్చిన మేరీ కార్పెంటరను నాంగ్లవనిత యూరూరఁ దిరిగి, ఉపాధ్యాయినులకు శిక్షణపాఠశాలలు లేనిదే బాలికావిద్య సాగదని సర్కారువారికి విన్నవించుట కిదియే హేతువు. ధనము లోపము గాదు, పుస్తకములు లోపము గాదు, గురువే లోపము. హిందూగృహములలో నింటిపనికి బద్ధురాలు గాని స్త్రీ యొకతె యుండెను గాని, ఆమెను లోకము విద్యాప్రదాయినిగాఁ దలఁపలేదు. ఆమెయే వితంతువు.

ఇచ్చట నైరోపా చరిత్రములోని యొక విషయమును బేర్కొనుట యప్రస్తుతము గాదు. కతోలిక మతమునందుఁ గన్యాస్త్రీ లనఁగాఁ బూర్వము నాలుగుగోడలలోపల బ్రతుకువారే. పదునాఱవ శతాబ్దిలో ట్రెంటునగరమున జరిగిన మహాసభ 1563లో నీ నియమమును మఱింత బిగించెను. మఠము చొచ్చిన స్త్రీ మఱల వీధి మెట్టరాదు. ఒకవిధమున నది మన ఘోషాయే. 1610లో సవాయి దేశములోని ఆన్సీ నగరమున ఫ్రాన్సిస్ డి సేల్స్ అను పీఠాధిపతియు, జేన్ డి షంటాల్ అను వితంతువును గలిసి యొక స్త్రీసమాజమును స్థాపించిరి. రోగులను వారి యిండ్లకేఁగి పరామర్శించుట యీ సమాజముయొక్క తొలి యుద్దేశము. కాని లియాన్ నగర పీఠాధిపతి యందు కొప్పుకొనలేదు. 1618 నాఁటికి నా సమాజమువారును దలుపులు మూసికొని లోపలఁ గూర్చుండవలసివచ్చెను.

అటుపిమ్మట ముప్పదిరెండేండ్లకు, 1650లో, ఫ్రాన్సు దేశమునందలి లెప్వీ నగరమున జేసుసభ గురువైన మెదాయి యొక యుపాయము పన్నెను. ఆయన కూర్చిన సెయింటు జోసఫు సోదరీసమాజములోని స్త్రీలకుఁ బ్రత్యేక మఠవేషము లేదు. ఆ కాలపు ఫ్రెంచి వితంతువులు ధరించు నల్లని సామాన్యవస్త్రములే వారికి వేషము. ఏల? ఆ దేశములో వితంతు వొంటరిగా వీధిలో నడచినను, బీదల గుడిసెలలోఁ బ్రవేశించినను, పిల్లలకుఁ జదువు చెప్పినను, వేలెత్తి చూపువారు లేరు. కన్యకు లేని స్వేచ్ఛ, సువాసినికి లేని తీరిక వితంతువున కుండెను. కాఁబట్టి యీ కన్యలు వితంతువులవలె వేషము వేసికొని బడులు పెట్టిరి, అనాథలను జేరఁదీసిరి, పట్టుదారపుటల్లిక, జరీపనులు నేర్పి యువతులకు జీవనోపాధి చూపిరి. వితంతువేష మా దేశమున స్త్రీకి ద్వారము తెఱచినది. ఈ దేశమున నదే వేషము ద్వారమును మూసినది. ఈ భేదమును గుర్తింపనిదే కతోలిక స్త్రీవిద్యాపద్ధతి యర్థము గాదు.

ఆ లెప్వీ సమాజపు శాఖ యొకటి 1833లో ఆన్సీలో స్వతంత్రముగా నేర్పడెను. అదే పట్టణమున 1838లో మెర్మియే గురువు ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట నొక మతబోధకసభను స్థాపించెను. వారి కప్పగింపఁబడిన దేశము మన విశాఖపట్టణ ప్రాంతము. 1845లో బయలుదేఱిన తొలి గురువులు పుదుచ్చేరిమీఁదుగా మఱుసటియేఁడు విశాఖకుఁ జేరిరి. 1849లో నలుగురు సోదరీమణులు యానాముచేరిరి. ఆ కాలమున యానాము ఫ్రెంచివారి యధీనములోని గ్రామము గనుక, ఆ భాషతప్ప మఱియొకటి యెఱుఁగని స్త్రీలకు దిగుటకుఁ దగినచోటు. తరువాత వీరి పని విశాఖపట్టణమునకు వ్యాపించెను. ఆ తీరమునఁ బాశ్చాత్యస్త్రీలు సంఘముగాఁ జేరి యాఁడుపిల్లలకుఁ జదువు చెప్పిన కతోలిక పాఠశాలల కిదియే యారంభము. చెన్నపట్టణమున మాత్ర మంతకు ముందే, 1842లో, ఐర్లండు దేశపు ప్రెజెంటేషను సోదరీమణులు వచ్చి, సైన్యమునందలి యైరిషు సిపాయిల బిడ్డలకు బడి పెట్టియుండిరి.

ఈ పరదేశీయ కన్యాస్త్రీలు ముందుగా నెదుర్కొన్న చిక్కు భాష. వారు తమ దేశమునఁ గుట్టుపనిని, జపమును, గణితమును నేర్పినవారే. కాని తెలుఁగక్షర మెఱుఁగరు. కావునఁ దొలుదొలుత వారి బడులలోఁ జేరినవారు దొరల బిడ్డలు, యురేషియనుల బిడ్డలు, అనాథలు. అనాథ కెట్టి భాషయైన నొక్కటియే గదా యని కొందఱనవచ్చును; అది క్రూరమైన మాట యైనను నిజము. వేరే మాటలాడుట కామె కొక యిల్లు లేదు. దీనిచేఁ గ్రమముగా మఠప్రాకారములోపల రెండు బడు లేర్పడుట సంప్రదాయమయ్యెను: ముందువైపు జీతము చెల్లించువారికి నింగ్లీషుబడి, వెనుకవైపు బీదలకు దేశభాషాబడి. ఒక బడివలన వచ్చిన ధనముతో రెండవబడి సాగెననుట వాస్తవమే. కాని రెండు బడుల పిల్లలును నొక్కచోటఁ గూర్చుండి చదువుకొనకపోవుటయు వాస్తవమే. ఈ లోపమును గప్పిపుచ్చుట చరిత్రకారుని పని గాదు.

కీళచ్చేరి బడి యీ త్రోవలోఁ బుట్టినది గాదు. దాని వృత్తాంతము తెలుఁగు కతోలికుల పూర్వచరిత్రముతో ముడిపడియున్నది. పదునెనిమిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి జేసుసభ గురువులు పుంగనూరు మొదలుకొని కృష్ణాపురము వఱకుఁ దిరిగి, సన్న్యాసివేషమున శాకాహారులై, తెలుఁగు నేర్చి మతబోధ చేసిరి. అప్పుడు రెడ్డి, కమ్మ మొదలగు కులముల వ్యవసాయకులు కొందఱు కుటుంబములతో నా మతమునఁ గలిసిరి. మంగళగిరి యానందకవి వేదాంతరసాయనమను పద్యకావ్యము క్రీస్తుకథ నితివృత్తముగాఁ గైకొని యా శతాబ్దమునఁ బుట్టినదే. 1773లో రోమునందలి పాపుగారు జేసుసభను రద్దుపఱుపఁగా, ఈ తెలుఁగు క్రైస్తవులు గురువులు లేక చాలకాలము కష్టపడిరి. ఆ శతాబ్ది చివరిభాగమునఁ గొన్ని కుటుంబములు దక్షిణమునకుఁ దరలిపోయి, చెంగల్పట్టు సీమలోఁ గీళచ్చేరియందు నిలిచిరి. చుట్టును దమిళదేశము, ఇండ్లలోఁ దెలుఁగు, గుడిలో జపము. గుంటూరు సీమలోని ఫిరంగిపురముతో వారికి వియ్యము నందుకొనుట మానలేదు. పొరుగూరిలోఁ దమిళము వినఁబడుచుండఁగా నా కుటుంబములు రెండువందలయేండ్లకుఁ బైగాఁ దెలుఁగును నిలుపుకొనుటకు నీ వియ్యములే ముఖ్యకారణమై యుండవచ్చును.

జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురమునఁ బుట్టెను. గుంటూరు మండలమును శ్మశానముగాఁ జేసిన నందన సంవత్సరపుఁ గఱవు వచ్చినప్పటి (1832-33) కామె పదేండ్ల పిల్ల. ఆ కఱవును జూచినవాఁడెవ్వఁడును దానిని మఱవలేదు. పదునైదేండ్లకు వివాహమై కీళచ్చేరి చేరి, కుమారులను గని పెంచి, పిదప భర్తను గోల్పోయెను. అంతవఱకు నామె జీవితము సామాన్యమైన రైతుకుటుంబపు స్త్రీ జీవితమే. పిదప నేమిచేసెను? హిందువులైన వితంతువులవలె నింటఁ గూలఁబడలేదు. గ్రామములోని ఆఁడుపిల్లలను, తోడి వితంతువులను జేరఁదీసి 1863లో బడి పెట్టెను. చేదోడుగాఁ గొందఱు స్త్రీలు చేరిరి. ఆ చిన్నగుంపే క్రమముగా సెయింటు ఆన్ సోదరీసమాజ మయ్యెను. 1874వ సంవత్సరము డిసెంబరు 21న నామె దివంగతురాలయ్యెను. వీరేశలింగము పంతులుగారి ధవళేశ్వరపు బడి పుట్టినది నా సంవత్సరమే.

సెయింటు ఆన్ అనఁగా మరియమాత తల్లి, క్రీస్తుకు మాతామహి. తెలుఁగు కతోలికులు నన్నమ్మ యని పిలుచు పునీతురాలు. బడికి నమ్మమ్మ పేరు పెట్టుటలో నొక చమత్కారము గలదు. చిత్రకారులు తఱుచుగా నీ యన్నమ్మను, ఒడిలోఁ బుస్తకము విప్పి, చిన్నపిల్లయైన కూఁతునకుఁ జదువు నేర్పుచున్నట్లు చిత్రింతురు. తల్లి కూఁతునకుఁ జదువు చెప్పుట యాచారవిరుద్ధమని భావించు గ్రామమునకు నీ చిత్రము చూపినచో వాదము సగము గెలిచినట్లే. కతోలికులు వాదముకంటెఁ జిత్రమును నమ్మినవారు.

జ్ఞానమ్మ బడిలో విశేషమేమనఁగా, ఆమె పాఠశాల పెట్టుటకు విదేశములనుండి సొమ్ముగాని, సోదరీమణులుగాని తొలుత రాలేదు. ఉపాధ్యాయిని యా గ్రామపు స్త్రీయే. ఆమె భాష పిల్లల భాషయే. ఆమెను విడువనక్కఱలేని బంధుజన మంతయు నక్కడనే. ఒక్క సాధనము మాత్ర మామె మతమువలన లభించెను. వితంతువు మఱల వివాహమాడకుండ దైవసేవకు జీవిత మర్పించుకొనుట గౌరవకరమైన స్థితియని యా మతము చెప్పుచుండెను. గ్రామము గౌరవింపని వితంతుస్థితినే గ్రామము గౌరవించు స్థితిగా మార్చుకొని, దానినుండి గురుపీఠమును బుట్టించుట జ్ఞానమ్మ చేసిన పని. లెప్వీలోని కన్యలు వితంతువుల వేషము వేసికొనవలసివచ్చెను. కీళచ్చేరి గురువమ్మకు వేష మక్కఱలేకపోయెను.

ఇఁక నిట్టి పాఠశాలలలోని బోధనాపద్ధతిని విచారింపవలెను. తొలిపాఠము జ్ఞానోపదేశము. ప్రశ్నయు సమాధానమునుగా వ్రాయఁబడిన చిన్నపుస్తకమును గురువమ్మ యడుగుచుండఁగాఁ బిల్లలు గట్టిగా వల్లించుచుందురు. వీధిబడిలో సుమతీశతకమును వల్లించు పద్ధతికి నిది దూరము గాదు. కావుననే గ్రామస్థులకు నది క్రొత్తగాఁ దోఁపలేదు. కాని యొక భేదము గలదు. శతకము వల్లించు బాలుఁడు పద్యము నొప్పగించును. జ్ఞానోపదేశము చదువు బాలిక యొక ప్రశ్నకు సమాధానము చెప్పును. అడిగినదానికిఁ బెద్దలయెదుట గొంతెత్తి బదులు చెప్పు నలవాటు, ఆ కాలపు తెలుఁగాఁడుపిల్లకు మఱియెచ్చటను దొరకునది గాదు. సమాధానము ముందే నిర్ణయింపఁబడినదే గదా యని యాక్షేపింపవచ్చును, ఆక్షేపము సత్యమే. ఆలోచించుట యట్లు రాదు. గొంతు మాత్రము వచ్చును.

పిదపఁ జదువుట, వ్రాయుట, కూడికలు తీసివేతలు. మధ్యాహ్నము కుట్టుపని. సూదిపనికిఁ గన్యాస్త్రీల పాఠశాలలలో నున్న స్థానము మఱియే యితర పాఠశాలలలోను లేదు. చిరుగు మాటు వేయుట మొదలు, రవికె కోఁత, జాలీ యల్లిక వఱకుఁ దరగతివారీగ నేర్పెడువారు. పెండ్లాడు పిల్లకు నిల్లు దిద్దుకొనుట కది పనికివచ్చును; పెండ్లి తప్పినవారికిఁ గూడు పెట్టును. ఇందులోఁ బ్రమాదమును గలదు. ఈ పద్ధతి నే విధముగానైన వాడుకొనవచ్చును. నరసాపుర ప్రాంతమున బ్రొటెస్టంటు మతబోధకులు నేర్పిన లేసుపని యిరువదవ శతాబ్దిలో దళారుల చేతఁ బడి, వేలకొలఁది స్త్రీలు నరుగులమీఁదఁ గూర్చుండి యల్లికకు నతిస్వల్పమైన కూలిఁ బుచ్చుకొనవలసివచ్చెను. మరియా మీస్ అను జర్మను పండితురాలు 1982లోఁ బ్రకటించిన గ్రంథమున దీనిని వివరముగాఁ జూపెను. చేతిపని నేర్పిన బడియే, ఆ పనికి ధరను నిర్ణయించువా రెవరను పాఠమును గూడ నేర్పియుండవలసినది. కతోలిక బడులును, ప్రొటెస్టంటు బడులును ఆ పాఠము చెప్పలేదు.

మూఁడవ యంశము గంట. నిద్రలేచుటకు గంట, జపమునకు గంట, పాఠమునకు గంట, భోజనమునకు గంట. మఠములోఁ గన్యాస్త్రీల కేర్పడిన దినచర్యయే వసతిగృహములోని బాలికలకును దించఁబడెను. పంటపొలములలో సూర్యునిఁబట్టి కాలము గుర్తించు కుటుంబములనుండి వచ్చిన పిల్లల కిది యెంత క్రొత్తయో యూహింపవచ్చును. ఈ నియమములు కొందఱి బుద్ధిని గుదించివేసెను. కొందఱికిఁ బట్టుదల నిచ్చెను. కన్యాస్త్రీల శిష్యురాండ్రలోఁ దరువాత నుపాధ్యాయినులైనవా రెక్కువగా నుండుటకు నీ దినచర్య కొంత కారణము. వేళకుఁ దలుపు తెఱచుట, వేళకు మూయుట, హాజరుపట్టీ వ్రాయుట, పలకలు లెక్కించుట, ఇవియే గదా బడి నడుపుటలోని సగము పని.

నైజాము రాష్ట్రమున వీరి చరిత్ర మఱియొక రీతిగా సాగెను. 1855 మొదలు హైదరాబాదు కతోలికమండలము మిలాను నగరపు గురువుల యధీనమున నుండెను. 1871లో ట్యూరిను నగరమునుండి సెయింటు ఆన్ సోదరీమణులు వచ్చి సికిందరాబాదున బాలికాపాఠశాల స్థాపించిరి. కీళచ్చేరి సమాజమునకును వీరికిని పేరులోఁ దప్ప సంబంధము లేదు. వీరి మూలస్థాపకురాలు జూలియా డి బరోలో యను ప్రభుపత్ని. ఆమె 1821 మొదలు ట్యూరినులోని స్త్రీబందిఖానాలను బరిశీలించి, అక్కడి ఖైదీలకుఁ జదువును, చేతిపనిని నేర్పి, శిక్ష ముగిసినవారికి నిలువనీడ గల్పించెను. 1834లో నామె యేర్పఱచిన సోదరీసమాజము బీదబాలికల విద్యకుఁ బుట్టినది. సికిందరాబాదులో నది దండు బజారు నడుమ నుండుటచే నింగ్లీషు పాఠశాలగాఁ బేరు పొందెను. ఖైదీలకై పుట్టిన సమాజపు బడిలోఁ గ్రమముగా నుద్యోగుల బిడ్డ లెక్కువైరి. చరిత్రలో నిట్టి మార్పు లరుదు గావు.

ఆ రాష్ట్రమునఁ దెలుఁగుబాలిక కప్పుడు రెండు త్రోవలు: సర్కారువారి యుర్దూ, కన్యాస్త్రీల యింగ్లీషు. తెలుఁగునఁ దెలుఁగుపిల్ల యున్నతపాఠశాల వఱకుఁ జదువుటకు 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలోఁ బాఠశాల పెట్టువఱకు వేచియుండవలసివచ్చెను. మాతృభాషాబోధన కావలెనను పట్టుదలవలన నాబడికి నైజాము విద్యాశాఖ గుర్తింపు రాక, పిల్లలఁ బుణ్యపట్టణములోని కార్వే మహాశయుని స్త్రీవిశ్వవిద్యాలయపు పరీక్షలకుఁ బంపవలసివచ్చెను. తెలుఁగుగడ్డమీఁదఁ దెలుఁగుఁజదువునకు నంత తిప్పలు! సికిందరాబాదులోని కన్యాస్త్రీల కీ చింత లేకుండెను. వారు పరదేశీయులు, వారికిఁ దెలుఁగును నుర్దూవును సమానముగాఁ బరభాషలే.

గుంటూరు సీమలో మాత్రము పరిస్థితి మెఱుఁగు. 1875 మొదలు మిల్‌హిల్ గురువు లచ్చటఁ బనిచేయుచుండిరి. వారి కాలమున మాల మాదిగ కుటుంబములు పెక్కులు మతమునఁ జేరుటచేఁ బల్లెబడుల యక్కఱ పెరిగెను. పల్లెబడులకు నుపాధ్యాయినులు గావలెను. 1904లో హాలండు దేశమునుండి యేసు మరియ జోసఫు సోదరీమణులు గుంటూరు వచ్చిరి. ఈ సమాజము 1822లో ఆమెర్స్‌ఫోర్టు పట్టణమున వుల్ఫు గురువుచే స్థాపింపఁబడినది. వీరు వైద్యశాలతోడను బాలికాపాఠశాలతోడను బని యారంభించి, పిదప నుపాధ్యాయినీ శిక్షణమును జేపట్టిరి. శిక్షణమునకై వచ్చిన యువతి తన పల్లెకు మఱలిపోవునని వారు లెక్కవేసికొనిరి. జ్ఞానమ్మ యొంటరిగా నొక గ్రామమున జేసినది, వీరు సంస్థగా జేసిరి. ఆ జ్ఞానమ్మ శిష్యపరంపరయు మదరాసు, ఫిరంగిపురము అను రెండు శాఖలై నేఁటికిని నడచుచున్నది. దేశీయ వృక్షమును విదేశీయ వృక్షమును నొక్క మండలముననే పెరిగినవి. వానిలో దేశీయ వృక్షము పాతది.

హిందూసంస్కర్తలును గాలక్రమమున నీ త్రోవకే వచ్చిరి. 1889లోఁ బండిత రమాబాయి బొంబాయిలో శారదాసదనమును, 1896లోఁ గార్వే పుణ్యపట్టణమున వితంతుశరణాలయమును స్థాపించిరి. 1912 ప్రాంతమునఁ జెన్నపురిలో బాలవితంతువైన సుబ్బలక్ష్మి వితంతుబాలికల నుపాధ్యాయినులుగాఁ దీర్చుటకుఁ బూనుకొనెను. గుంటూరులో 1922లో నున్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు శారదానికేతనమును నెలకొల్పిరి. ఈ యందఱు నెఱిఁగియో యెఱుఁగకయో యొక్క సత్యమును గనిపట్టిరి: గృహబంధము లేని స్త్రీయే యా కాలమున గురువు గాఁగలదు. వీరేశలింగముగారు వితంతువునకు మఱల గృహము నిచ్చిరి. వీరామెకుఁ బాఠశాల నిచ్చిరి. ఈ రెంటికి విరోధము లేదు. కాని విద్యాచరిత్రమునకు రెండవదియే దగ్గఱ.

వీరికిని కన్యాస్త్రీలకును నొక ముఖ్యమైన భేదము గలదు. శారదానికేతనమునఁ జదివిన వితంతువు కోరినచో వివాహమాడవచ్చును, జీతము పుచ్చుకొనవచ్చును, ఉద్యోగము మానుకొనవచ్చును. మఠము చొచ్చినది దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత యను మూఁడు వ్రతములు పట్టును, జీతము సమాజమునకుఁ బోవును, పంపినయూరికిఁ బోవలెను. అందువలన బడి చవుకగా నడచును, స్థిరముగా నడచును. ఉపాధ్యాయిని చనిపోయినను మఱియొకతె వచ్చును. కాని యామె జీవితముతో నిట్టి స్థిరత్వమునకు మూల్యము చెల్లింపఁబడినది. మతమునందు విశ్వాసముగలవారు దానిని సమర్పణమందురు. లేనివారు మఱియొక పేరుతోఁ బిలుతురు. మతబోధ పాఠములలోఁ గలసియుండుటచే హిందూకుటుంబములు సందేహించుటయు సహజమే. పెక్కు కుటుంబములు సందేహించుచునే పిల్లలఁ బంపుచుండుట మఱియొక సహజవిషయము.

ఈ బడులు చిట్టచివరగా నడచినది యడవియంచులకు. నేఁటి ఖమ్మము మండలములోని ఏన్కూరు, దానికావలి గ్రామములు పూర్వము నైజాము రాష్ట్రములోనివి; గోదావరి నానుకొనిన భద్రాచలము తాలూకా 1874లో గోదావరి జిల్లాలోఁ జేరి, 1959లో ఖమ్మము మండలమునఁ గలిసెను. రెండు రాజ్యముల నడుమ నుండుటచే నీ ప్రాంతమున దారులు చాలకాలము లేకుండెను. దారులు లేనిచోట బడి యాలస్యముగా వచ్చును. కతోలికులలోఁ గూడ నిది హైదరాబాదుమండలపు దూరపుటంచుగా నుండి, 1952లో నోరుగల్లు పీఠము, 1988లో ఖమ్మము పీఠము వేఱుపడిన తరువాతనే సమీపపు పాలన కందుబాటులోనికి వచ్చెను. ఇచ్చటి చిక్కు కీళచ్చేరి చిక్కుకంటె వేఱు. కీళచ్చేరిలో గురువమ్మయుఁ బిల్లలు నొక్క భాష నాడిరి. ఇచ్చట నింట నాడునది కోయ, లంబాడీల భాష, కోయ ద్రావిడభాషయే యైనను దెలుఁగు గాదు, లంబాడి యార్యభాష. బడిలో మొదటిదినమున వినఁబడునది తెలుఁగు. పై తరగతుల నింగ్లీషు. దిగువసీమనుండి వచ్చిన సోదరీమణి తెలుఁగున నెంత చక్కగాఁ జెప్పినను, ఆఱేండ్ల కోయపిల్లకు నది విశాఖలోని ఫ్రెంచివనిత మాటవంటిదే. 2003-04 ప్రాంతమునఁ బూర్వపు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కోయ, బంజారా మొదలగు నెనిమిది భాషలలో దిగువ తరగతులకు వాచకములు సిద్ధపఱపించి, ఆ తరగతులకు నాయా తెగల యువతీయువకులనే బోధకులుగాఁ దీసికొనెను.